సీసా మెడ, రేకు గిటారు: బ్లూస్ నేర్చుకునేవారి కోసం

1903 ప్రాంతం. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో టట్‌వైలర్ అనే చిన్న రైల్వే స్టేషన్. ఆలస్యమైన రైలు కోసం ఎదురుచూస్తూ డబ్ల్యు.సి. హ్యాండీ అనే నల్లజాతి బ్యాండు మాస్టర్ కునుకు తీశారు. మెలకువ వచ్చేసరికి పక్కనే చిరుగుల బట్టల్లో ఉన్న ఒక నల్లజాతి మనిషి గిటారు వాయిస్తున్నాడు. తీగలను వేళ్లతో నొక్కడం లేదు. వాటి మీద కత్తిని ఆనించి జరుపుతున్నాడు. అంత వింత సంగీతం తానెప్పుడూ వినలేదని 1941లో అచ్చయిన ఆత్మకథలో హ్యాండీ రాసుకున్నారు. ఆ తర్వాత హ్యాండీకి బ్లూస్ పితామహుడన్న పేరు స్థిరపడిపోయింది. కత్తితో వాయించిన మనిషి పేరు మాత్రం ఆ పుస్తకంలో లేదు.

పాట ఒకరిది, పేరు మరొకరిది కావడం మన పాఠకులకు కొత్త సంగతి కాదు. అందుకే ఈ వ్యాసంలో రెండు పనులు కలిపి చేస్తున్నాం. స్లైడుతో, రెజొనేటర్ గిటారు మీద బ్లూస్ ఎలా వాయిస్తారో నేర్చుకునేవారికి పనికొచ్చేలా చెబుతాం. దాంతోపాటు ఆ సంగీతం ఎవరిది, దాని మీద వచ్చిన డబ్బూ పేరూ ఎటు పోయాయో కూడా చెబుతాం. రెండోది తెలియకుండా మొదటిది నేర్చుకోవడం సగం చదువే.

నల్లజాతి ప్రజల పోరాటాలతో మన ఉద్యమానికి పాత బంధుత్వం ఉంది. 1873లో వచ్చిన 'గులాంగిరి'ని జోతిరావు ఫూలే అమెరికాలో బానిసత్వ నిర్మూలనకు పోరాడినవారికి అంకితం చేశారు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. కులం, జాతి వర్ణం ఒకటి కావు. అయినా ఒకరి అనుభవం మరొకరికి అర్థమవుతుంది. వాళ్ల రాజకీయాలను మనం చదివినంతగా వాళ్ల పాటను వినలేదు.

బ్లూస్ ఏ నేల మీద పుట్టింది

1865లో అమెరికా రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది. బానిసత్వం రద్దయింది, కానీ నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపుతో. దక్షిణాది రాష్ట్రాలు వెంటనే ఆ సందును వాడుకున్నాయి. పని లేకుండా తిరగడమే నేరమని చట్టాలు చేశాయి. పట్టుకున్న నల్లవాళ్లను జైళ్ల నుంచి తోటలకూ గనులకూ కూలికి ఇచ్చాయి. పుట్టుకనే నేరం చేసిన 1871 నాటి మన నేరస్థ తెగల చట్టం తెలిసినవారికి ఈ పద్ధతి వివరించనక్కర్లేదు.

జైలు బయట ఉన్నవాళ్లలో చాలామందికి దొరికింది పాలు సేద్యం. భూమి, విత్తనం, కాడి దొరవి, చాకిరీ నల్లవాళ్లది. పత్తి తీశాక లెక్క రాసేది దొర గుమాస్తా. ఏడాదంతా దొర దుకాణంలో తెచ్చుకున్న పిండికీ నూనెకూ పోను చేతికి ఏమీ మిగిలేది కాదు, పైగా బాకీ తేలేది. మిసిసిపీ డెల్టా పత్తి తోటల్లో, 1890ల తర్వాతి కాలంలో, ఈ బతుకులోంచే బ్లూస్ రూపం కట్టింది. పొలం కేకలు, పని పాటలు, చర్చి పాటలు అన్నీ అందులో కలిశాయి.

బ్లూస్ అంటే దుఃఖగీతం అని చాలామంది అనుకుంటారు. దుఃఖం ఉన్నమాట నిజమే. కానీ అది శని, ఆదివారాల మధ్య రాత్రి జనం చిందేసే సంగీతం కూడా. అందులో వెటకారం, సరసం, దొర మీద చాటుమాటు తిట్టు, ఊరొదిలి పోతానన్న బెదిరింపు ఉంటాయి. 1910 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతి ప్రజలు దక్షిణాది వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు వలసపోయారు. రైలు, రోడ్డు, వీడ్కోలు బ్లూస్‌లో అంతగా వినిపించడానికి కారణం అదే.

గోడకు కట్టిన తీగ

స్లైడ్ వాద్యానికి మొదటి బడి గిటారు కాదు, గోడ. డెల్టా పిల్లలు చీపురుకట్టకు చుట్టిన ఇనుప తీగను విప్పి, రెండు మేకులతో గుడిసె గోడకు బిగించేవారు. తీగ కింద ఒక సీసాను ఇరికిస్తే అది బిర్రుగా నిలిచేది. ఒక చేత్తో తీగను మీటుతూ, మరో చేత్తో ఇంకో సీసాను దాని మీద జరిపితే పాట పలికేది. గోడంతా మోగేది. దీన్ని డిడ్లీ బౌ అంటారు. మూలాలు పశ్చిమ, మధ్య ఆఫ్రికా ఒంటితీగ వాద్యాల్లో ఉన్నాయి. గిటారు కొనే స్తోమత లేని ఇళ్లలో ఎంతోమంది బ్లూస్ కళాకారులు దీని మీదే చేయి తిప్పుకున్నారు.

గిటారు చేతికొచ్చాక అదే పద్ధతి కత్తితో, ఎముకతో, కోసిన సీసా మెడతో సాగింది. అందుకే దీనికి బాటిల్‌నెక్ అన్న పేరూ ఉంది. అదే కాలంలో హవాయి దీవుల నుంచి వచ్చిన స్టీల్ గిటారు అమెరికా అంతటా తిరిగింది. ఆ ప్రభావం కూడా కొంత కలిసింది. స్లైడ్ గిటారుతో మొదటి బ్లూస్ రికార్డును 1923లో సిల్వెస్టర్ వీవర్ చేశారు.

స్లైడే ఎందుకు? ఫ్రెట్ల మధ్య ఉన్న స్వరాలన్నీ దాంతో దొరుకుతాయి. గొంతు ఎలా జారుతుందో, వణుకుతుందో, మూలుగుతుందో తీగ కూడా అలాగే పలుకుతుంది. చాలా పాటల్లో గాయకులు చరణం చివరి మాటను నోటితో పాడకుండా వదిలేస్తే, దాన్ని గిటారు పూర్తి చేస్తుంది.

రేకు గిటారు ఎలా మోగుతుంది

1920లలో మైకులు, యాంప్లిఫయర్లు అందరికీ లేవు. వీధిలోనో, గోలగా ఉన్న నాట్యశాలలోనో చెక్క గిటారు వినపడేది కాదు. స్లొవాకియా నుంచి వలస వచ్చిన జాన్ డోపియెరా, జార్జ్ బోచాంప్‌తో కలిసి 1927లో లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ పేరుతో రెజొనేటర్ గిటారును బయటికి తెచ్చారు. మామూలు గిటారులో తీగల కంపనం చెక్క పలకకు చేరుతుంది. ఇందులో అది పలుచని అల్యూమినియం గరాటుకు చేరుతుంది. లౌడ్‌స్పీకర్‌లో కాగితపు శంకువు చేసే పనినే ఇక్కడ ఈ రేకు చేస్తుంది, కరెంటు లేకుండా.

వీటిలో ప్రధానంగా మూడు రకాలు.

ట్రైకోన్: మూడు చిన్న గరాటులు, వాటిని కలుపుతూ టి ఆకారపు బ్రిడ్జి. నాదం మెత్తగా ఎక్కువసేపు నిలుస్తుంది.

బిస్కెట్: ఒకే గరాటు, కొన పైకి ఉంటుంది. ఆ కొన మీద బిస్కెట్ లాంటి గుండ్రని చెక్కబిళ్ల, దాని మీద బ్రిడ్జి. దెబ్బ గట్టిగా, మొరటుగా తగిలి త్వరగా ఆగుతుంది. డెల్టా బ్లూస్ అనగానే చెవిలో మెదిలేది ఎక్కువగా ఈ ధ్వనే.

స్పైడర్: గిన్నెలా తిరగేసిన గరాటు, దాని మీద ఎనిమిది కాళ్ల సాలీడు ఆకారపు లోహపు చట్రం. డోపియెరా సోదరులు విడిగా పెట్టిన డోబ్రో కంపెనీ దీన్ని చేసింది. తర్వాతి కాలంలో ఇది ఎక్కువగా బ్లూగ్రాస్ సంగీతానికి దగ్గరైంది.

మెడలోనూ తేడా ఉంది. గుండ్రని మెడ ఉన్నది మామూలు గిటారులా పట్టుకుని వాయించేది. చతురస్రపు మెడ ఉన్నది ఒళ్లో పడుకోబెట్టి ఇనుప కడ్డీతో వాయించేది. బ్లూస్ వాళ్లలో ఎక్కువమంది మొదటి పద్ధతివారే. టెక్సస్‌కు చెందిన బ్లాక్ ఏస్ లాంటి కొందరు ఒళ్లో పెట్టుకుని వాయించారు.

ఒక జాగ్రత్త. బిస్కెట్, గరాటు రెండూ తీగల ఒత్తిడితోనే చోటులో నిలబడతాయి. అందుకే తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించాకే రెండోది విప్పాలి.

ఎవరిని వినాలి

సన్ హౌస్. పాస్టర్‌గా ప్రసంగాలు చేసిన మనిషి. చర్చికీ బ్లూస్‌కీ మధ్య జీవితమంతా నలిగారు. 1930లో పారమౌంట్ కంపెనీకి పాడారు, అవి అమ్ముడుపోలేదు. తర్వాత రాచెస్టర్ వెళ్లి రైల్వేలో పనిచేశారు. 1964లో అభిమానులు వెతికి పట్టుకునేనాటికి వాయించడం మానేసి ఏళ్లయింది. ఆయన పాత రికార్డులు విని నేర్చుకున్న ఆల్ విల్సన్ అనే తెల్లజాతి యువకుడు ఆయన పాటలను ఆయనకే గుర్తుచేశాడు. 1965లో చేసిన కొత్త రికార్డుల్లో రేకు గిటారు మీద ఆయన చేతి దెబ్బ వినండి. తీగను మీటడం కాదు, లాగి కొట్టడం అది.

బుకా వైట్. పార్చ్‌మన్ ఫామ్ అనే మిసిసిపీ రాష్ట్ర జైలులో శిక్ష అనుభవించారు. 1939లో జాన్ లోమాక్స్ ఆ జైల్లోనే ఆయన పాటలు రికార్డు చేశారు. విడుదలయ్యాక 1940లో చికాగోలో ఆ జైలు పేరు మీదే పాట చేశారు. నేషనల్ గిటారుతో రైలు పరుగును వినిపించడంలో ఆయనకు సాటి తక్కువ.

టాంపా రెడ్. బంగారు పూత పూసిన ట్రైకోన్ ఆయన గుర్తు. ఒక్కో స్వరాన్ని విడిగా, శుభ్రంగా పలికిస్తారు. కొత్తగా నేర్చుకునేవారికి ఈయన మంచి గురువు. 1928లో ఆయనతో కలిసి పాడిన థామస్ డోర్సీ తర్వాత నల్లజాతి గాస్పెల్ సంగీతానికి పెద్దదిక్కయ్యారు.

బ్లైండ్ విల్లీ జాన్సన్. పాడినవన్నీ భక్తిగీతాలే, కానీ స్లైడ్ నేర్చుకునే ప్రతివారూ ఆయన దగ్గరికి రావాల్సిందే. 1927లో ఆయన మాటలు లేకుండా మూలుగుతూ వాయించిన ఒక కీర్తనను 1977లో వాయేజర్ నౌక అంతరిక్షంలోకి మోసుకుపోయింది. ఆయన 1945లోనే బ్యూమాంట్‌లో కడు పేదరికంలో చనిపోయారు.

వీరితోపాటు చార్లీ ప్యాటన్, రాబర్ట్ జాన్సన్, ఫ్రెడ్ మెక్‌డవెల్‌లను వినాలి. మన కాలంలో తాజ్ మహల్, కోరీ హారిస్, ఆల్విన్ యంగ్‌బ్లడ్ హార్ట్ ఈ దారిని నిలబెట్టిన నల్లజాతి కళాకారులు. బ్లూస్ అంటే గిటారు పట్టిన మగవాడే అన్న బొమ్మను కూడా చెరిపేసుకోవాలి. 1920లో మామీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' అమ్ముడైన తీరు చూశాకే కంపెనీలు నల్లజాతి శ్రోతల వైపు తిరిగాయి. మా రెయినీ, బెస్సీ స్మిత్ ఆ దశకపు పెద్ద గాయనులు. మెంఫిస్ మిన్నీ గిటారులో మగవాళ్లతో పోటీపడి నెగ్గిన మనిషి.

మొదలుపెట్టడం

రెజొనేటర్ గిటారు ఖరీదైనది. అది లేకపోతే ఆగిపోవద్దు. కోస్తా ఊళ్లలో మాలమాదిగ పల్లెల పిల్లలకు గిటారు మొదట చేతికందేది చాలాసార్లు చర్చిలోనే. అక్కడి మామూలు స్టీలు తీగల గిటారు చాలు. తీగలు కాస్త లావువి వేయండి. తీగలు ఫ్రెట్లకు మరీ దగ్గరగా ఉంటే స్లైడు తగిలి గరగరమంటుంది కాబట్టి కొంచెం ఎత్తు పెంచుకోవాలి.

స్లైడుకు గాజు, ఇత్తడి, స్టీలు ఏదైనా సరే. హార్డ్‌వేర్ షాపులో వేలికి సరిపడే స్టీలు పైపు ముక్క కోయించి, అంచులు బాగా నున్నగా రాయించుకోండి. సీసాను ఇంట్లో పగలగొట్టే ప్రయత్నం చేయొద్దు. చిటికెన వేలికి తొడుక్కుంటే మిగతా మూడు వేళ్లూ ఖాళీగా ఉంటాయి.

శృతి. మామూలు శృతిలో ఈ పాటలు కష్టం. ఓపెన్ జీ శృతితో మొదలుపెట్టండి. ఆరో తీగ, ఐదో తీగ, ఒకటో తీగ, ఈ మూడింటినీ ఒక్కో పూర్తి స్వరం దించాలి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు డి, జీ, డి, జీ, బి, డి వస్తాయి. హార్మోనియం తెలిసినవారికి సులువుగా చెప్పాలంటే ప, స, ప, స, గ, ప. ఏమీ నొక్కకుండా మీటితేనే నిండు స్వరమేళనం పలుకుతుంది. రెండో ముఖ్య శృతి ఓపెన్ డి: డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. అంటే స, ప, స, గ, ప, స. ఈ రెండింటిలోనూ తీగలను దించడమే తప్ప బిగించడం లేదు కాబట్టి గిటారుకు ప్రమాదం లేదు.

ఎడమ చేయి. మామూలుగా వేలిని ఫ్రెట్ కడ్డీకి వెనక నొక్కుతాం. స్లైడు అలా కాదు, సరిగ్గా కడ్డీ మీదుగా ఉండాలి. తీగను కిందికి నొక్కకూడదు, ఆనించాలి అంతే. స్లైడు కడ్డీకి సమాంతరంగా ఉందో లేదో చూసుకోండి. స్లైడు వెనక చూపుడు వేలు తీగల మీద మెత్తగా వాలి ఉండాలి. అది లేకపోతే వెనక భాగం కూడా మోగి నాదం మురికిగా వస్తుంది. కొత్తవాళ్ల స్లైడు అసహ్యంగా వినిపించడానికి ఎక్కువగా ఇదే కారణం.

కుడి చేయి. బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా తాళం వేస్తుంది. చూపుడు, మధ్య వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. మొదటి రెండు వారాలు స్లైడు తీసి పక్కన పెట్టి బొటనవేలి తాళమే సాధన చేయండి. మాట్లాడుతూ కూడా అది తప్పకుండా సాగినప్పుడే స్లైడు తొడుక్కోండి.

బ్లూస్ గాంధారం. ఓపెన్ జీ శృతిలో మూడో తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర చిన్న గాంధారం, నాలుగో ఫ్రెట్ దగ్గర పెద్ద గాంధారం ఉంటాయి. బ్లూస్ గాంధారం ఈ రెండింటి మధ్య ఎక్కడో కదులుతూ ఉంటుంది. దానికి గుర్తు గీసిన చోటు లేదు. రికార్డు విని, నోటితో పాడి, ఆ తర్వాత తీగ మీద వెతకాలి. ఒకటో తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గరి నిషాదం నుంచి ఐదో ఫ్రెట్ దగ్గరి షడ్జానికి జారడం రోజూ చేయాల్సిన మరో సాధన.

పన్నెండు బార్లు. ఒక పాదం, అదే పాదం మళ్లీ, దానికి జవాబుగా మూడో పాదం. ఒక్కోదానికి నాలుగు బార్లు. ఓపెన్ జీలో నాలుగు బార్లు ఖాళీ తీగలు, రెండు బార్లు ఐదో ఫ్రెట్, రెండు ఖాళీ తీగలు, ఒకటి ఏడో ఫ్రెట్, ఒకటి ఐదో ఫ్రెట్, చివర రెండు ఖాళీ తీగలు. ప్రతి పాదంలోనూ సగం గొంతుకు, సగం గిటారుకు. ఇది పాఠం కోసం చెప్పిన లెక్క. డెల్టా పెద్దలు ఊపిరిని బట్టి పదకొండున్నర బార్లకో పదమూడుకో మారేవారు. లెక్క వచ్చాక దాన్ని వదలడం కూడా నేర్చుకోవాలి.

పాట ఎవరిది, డబ్బు ఎవరిది

సన్ హౌస్, చార్లీ ప్యాటన్‌లను రికార్డు చేసిన పారమౌంట్, విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీకి చెందినది. నల్లజాతి సంగీతాన్ని 'రేస్ రికార్డులు' అన్న వేరే జాబితాలో అమ్మేవారు. చాలామందికి పాటకింత అని ఒకసారి చేతిలో పెట్టి పంపేయడమే తప్ప తర్వాత వాటా లేదు. 1960లలో తెల్లజాతి రాక్ బృందాలు ఈ పాటలతో కోట్లు గడించాయి. గేయరచయిత విల్లీ డిక్సన్, లెడ్ జెప్పెలిన్ బృందం మీద 1985లో కోర్టుకెక్కి 1987లో రాజీ కుదుర్చుకున్నారు. కళాకారుల హక్కుల కోసం ఆయన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ కూడా పెట్టారు.

దోపిడీ డబ్బుతోనే ఆగలేదు, చదువులోకీ వచ్చింది. 1941, 42లలో కోహోమా కౌంటీలో ఫిస్క్ విశ్వవిద్యాలయం, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కలిసి పాటలు సేకరించాయి. మడ్డీ వాటర్స్‌ను ఆయన పనిచేసే తోటలోనే మొదట రికార్డు చేసింది అప్పుడే. ప్రపంచానికి తెలిసిన పేరు అలన్ లోమాక్స్. ఆ పనిలో సగం భారం మోసిన నల్లజాతి పండితులు జాన్ వర్క్, లూయిస్ జోన్స్, శామ్యూల్ ఆడమ్స్. వాళ్ల రాతలు పుస్తకంగా వచ్చింది 2005లో, అరవై ఏళ్లకు పైగా గడిచాక. 'లాస్ట్ డెల్టా ఫౌండ్' అనే ఆ పుస్తకాన్ని పరిశోధక విద్యార్థులు తప్పక చదవాలి. దాంతోపాటు అమీరీ బరాకా 'బ్లూస్ పీపుల్' (1963), ఏంజెలా డేవిస్ 'బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజం' (1998) కూడా.

మనం వాయించేటప్పుడు

డప్పు సంగతి మనకు తెలుసు. చావుకీ చాటింపుకీ వెట్టిగా కొట్టించినంతకాలం అది మైల వాద్యం. ఇక కొట్టమని చాలా ఊళ్లలో మాదిగలు ఎదురుతిరిగారు. అదే డప్పు దండోరా సభల్లో ఆత్మగౌరవ గుర్తయింది. ఈ రోజు దాన్ని పెద్ద వేదికల మీద ఎవరెవరో వాయిస్తున్నారు. వాయించొద్దని మేము అనం. దాన్ని కాపాడిన మనుషుల పేరు చెప్పకపోతే మాత్రం ఊరుకోం. మన వాద్యం గురించి మనం అడిగేదే బ్లూస్ దగ్గర మనమూ పాటించాలి.

అంటే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పాట పాడే ముందు అది ఎవరిదో, ఎక్కడిదో ఒక్క వాక్యంలో చెప్పండి. తెల్లజాతి బృందం పాడిన రూపం తెలిసినా మూల రికార్డు వెతికి వినండి. జైలు పాటను సరదా పాటగా మార్చొద్దు. వాళ్ల యాసను అనుకరించి నవ్వించొద్దు. వీలైతే మీ బతుకును మీ తెలుగులో రాసి ఆ పన్నెండు బార్లలో పాడండి. ఆ చట్రం ఎవరి దుఃఖాన్నైనా, ఎవరి వెటకారాన్నైనా మోస్తుంది.

ఇంకో మాట విద్యార్థులకు. ఈ సంగీతం నేర్చుకోవడానికి ఎవరి గడప దగ్గరా వంగి నిలబడక్కర్లేదు. దీన్ని కట్టినవాళ్లలో చాలామందికి అక్షరం రాదు, సంగీత లిపి అసలే రాదు. చీపురు తీగ, ఖాళీ సీసా, గుడిసె గోడ ఉంటే వాళ్లకు సరిపోయింది. ఈ ఆదివారం చర్చి అయ్యాక ఆ గిటారు ఒక గంట అడిగి తెచ్చుకోండి. మూడు తీగలు దించండి. ముందు వినండి, తర్వాత వాయించండి. వాయించేముందు మాత్రం పేరు చెప్పండి. టట్‌వైలర్ స్టేషన్‌లోని మనిషికి దక్కనిది అదే.